దీపాల హాజరు

మునాఫ్ గల్ఫ్‌లో, అహ్మది అనే పట్టణంలో ఒక కాంట్రాక్టు కంపెనీ వర్క్‌షాపులో వాల్వులు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించే పని చేస్తాడు. రాయచోటి నుంచి వచ్చినప్పుడు తల నిండా జుట్టుండేది. వారంలో ఆరు రోజులూ కంపెనీ బస్సు అతన్ని అబూ హలీఫాలోని గదికీ, వర్క్‌షాపుకీ మధ్య తిప్పుతుంది. శుక్రవారం మాత్రం అతను ఒక ఊరికి పెద్ద.

ఆ ఊరు గదిలోనే, బట్టల బీరువా పైన ఉంటుంది. ఎవరో ఆఫీసు వాళ్ళు పారేసిన కంప్యూటరును బాగుచేసి దాన్నే సర్వర్‌గా పెట్టాడు. గళ్ళగళ్ళ ఇటుకలు పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆట అది. ఎవరి ఫోన్లోంచి వాళ్ళు లోపలికి వచ్చి, తమ పేరున్న బొమ్మతో తిరగొచ్చు, పక్కవాళ్ళతో మాట్లాడొచ్చు. పెద్ద కంపెనీల సర్వర్లలో తెలుగు వినిపించదు, తిట్లు వినిపిస్తాయి. అందుకని మునాఫ్ సొంతంగా ఒకటి మొదలుపెట్టి కొత్తపేట అని పేరు పెట్టాడు. బడి వదిలేదాకా యజమాని కార్లో కూర్చునే డ్రైవర్లు, వంటింటి పక్క స్టోరులో కాసేపు నడుం వాల్చే పనిమనుషులు, క్యాంపుల్లో పై మంచాల మీద పడుకున్న కూలీలు ఒకరి ద్వారా ఒకరు వచ్చి చేరారు. వీధులు పడ్డాయి.

“ఊర్లో నీకు సెంటు భూమి ల్యా. ఈడ మాత్రం పట్టాలు పంచుతాండావ్ సర్పంచీ,” అంటాడు ఈశ్వరయ్య. అతను మునాఫ్ గదిలోనే ఉంటాడు, మంచినీళ్ళ బాటిళ్ళ వ్యాను నడుపుతాడు. ఆట అతనికి పట్టదు. కానీ కరెంటు పోయిందంటే మునాఫ్ కంటే ముందు బీరువా వైపు చూసేది అతనే.

మొదట్లో వచ్చిన వాళ్ళలో సిద్ధమ్మ ఒకరు. చిన్నమండెం దగ్గర పల్లె. సల్వాలో ఒక ఇంట్లో వంటా, పిల్లల పనీ చేసేది. ఆ ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలవాలి. చదువు రాదు కాబట్టి ఏదీ టైపు చేసేది కాదు. మైకు నొక్కి, స్టోరులో బియ్యం సంచుల మధ్య కూర్చుని గుసగుసగా మాట్లాడేది. ఆమె మాట వెనక ఎప్పుడూ వాషింగ్ మెషీన్ తిరుగుతూ ఉండేది. మునాఫ్‌ను ‘సిన్నోడా’ అని పిలిచేది. కొత్తపేటలో ఆమె ఇంటికి తలుపుల్లేవు.

“గాలి తోలితే ఎట్లక్కా, తలుపు పెట్టుకోరాదా?” అని మునాఫ్ ఒకసారి ఎగతాళి చేశాడు.

“మామా ఇంట్లో తలుపులే తలుపులు సిన్నోడా. పొద్దన లేచినకాడి నుంచీ తెరిచేదీ మూసేదీ అదే పని. ఈడ గూడా నాకెందుకు?”

దీపం ఆలోచన ఆమెదే. వాళ్ళ వెనకింట్లో పనిచేసే శ్రీలంక ఆమె జబ్బు పడి ఎన్నో రోజులు గదిలోనే ఉండిపోతే, ఇరుగుపొరుగు పనిమనుషులకు కూడా తెలియలేదు. ఆ సంగతి చెప్పి సిద్ధమ్మ అడిగింది: “ఇంటి ముందర ఒక దీపం పెట్టు సిన్నోడా. మనిషి ఆ వారంలో వస్తే ఎలగాల, రాకుంటే ఆరిపోవాల. ఎవురి దీపమన్నా ఆరితే మిగతావోళ్ళు ఫోన్ జెయ్యాల. ఎత్తకుంటే పోయి చూడాల.”

కొత్తపేటలో మునాఫ్ చేసిన మొదటి మార్పు అది. ఫహాహీల్ హోటల్లో వంటచేసే ముసలి సమీవుల్లా దీపం ఒక శుక్రవారం ఆరిపోయింది. ఈశ్వరయ్య వ్యానులో ఇద్దరూ వెళ్ళి చూస్తే, ఆయన షుగరు పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. ఫోను హోటల్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత జనం తమ ఇల్లు చూసుకునే ముందు వీధి దీపాలు చూడటం అలవాటు చేసుకున్నారు.

చలికాలం చివర్లో కంప్యూటరు మొరాయించడం మొదలైంది. ఊరు పెరిగిపోయింది. నలుగురు కలిసి ఒక వీధిలో నడిస్తే బొమ్మలు కొయ్యబారి నిలబడేవి. ఆటకు కొత్త రూపం, అంటే కొత్త వెర్షన్, రాబోతోందని, దానికి మారాలంటే ఊరిని తేలిక చేయక తప్పదని మునాఫ్‌కు అర్థమైంది. వర్క్‌షాపులో వాల్వు చేతిలో ఉన్నా బుర్రలో అదే తిరిగేది. ముందు ఖాళీగా పడి ఉన్న ఇళ్ళు తీసేయాలి. ఆ జాగాలో బజారు వీధి వేయాలి. ఆ తర్వాత ఊరంతటినీ కొత్త రూపంలోకి మార్చాలి. వేసవి సెలవుల్లోపు అయిపోవాలి.

ఒక శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి అందర్నీ కొత్తపేట మైదానంలో పోగుచేశాడు. బొమ్మలు గుంపుగా నిలబడ్డాయి. రెండు నెలలు దీపం ఆరిపోయి ఉన్న ఇళ్ళను ఇకమీదట చెరిపేస్తానని చెప్పాడు. ఎందుకో కూడా వివరంగా చెప్పాడు.

సిద్ధమ్మ మైకు చిటపటలాడింది. “మరి ఫోన్ లాగేసుకున్నోళ్ళ సంగతేంది సిన్నోడా?”

“రెండు నెల్లలో ఒక్కతూరన్నా దొరకదా అక్కా?”

వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. “దొరుకుతాదిలే,” అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున, వర్క్‌షాపులో పక్క బెంచీ దగ్గర పనిచేసే రఫీ బస్సు అందుకోలేకపోయాడు. మునాఫ్ గేటు దగ్గర తన హాజరు కార్డు గీకి, వెంటనే జేబులోంచి రఫీ కార్డు తీసి అదీ గీకాడు. ఒకరి కార్డు ఇంకొకరి దగ్గర ఉండటం అక్కడ మామూలే. లోపల ఫోర్‌మన్ తెర మీద ఇద్దరూ పనిలోకి వచ్చినట్టే కనబడుతుంది. ఎండ ముదిరాక రఫీ ట్యాక్సీలో వచ్చి చేరాడు. అందులో ఆలోచించాల్సింది ఏమీ ఉన్నట్టు మునాఫ్‌కు అనిపించలేదు.

రంజాన్ నెల వచ్చింది. కొత్తపేటలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. అంతకుముందు ఏ శుక్రవారమూ అన్ని వెలగలేదు. మునాఫ్ తెరను ఈశ్వరయ్య వైపు తిప్పి చూపించాడు.

“చూసినావా? ఒక మాట గట్టిగా చెప్తే ఎట్ల వస్తాండారో.”

“పట్టా పోతాదంటే పీనుగైనా లేచొస్తాదిలే సర్పంచీ,” అన్నాడు ఈశ్వరయ్య, అన్నం కలుపుకుంటూ. ఇద్దరూ నవ్వారు.

పండుగ ఇంకా వారం ఉందనగా ఊరి నుంచి మునాఫ్‌కు ఫోన్ వచ్చింది. సిద్ధమ్మ తమ్ముడు రామాంజులు. గొర్రెల మధ్య ఉన్నట్టున్నాడు, వెనక అరుపులు.

“అన్నా, మా యక్క ఫోన్ ఎత్తడంల్యా. నీ నంబరు శానా దినాల కింద ఇచ్చింటే వెతికి చేస్తాండా. ఏమన్నా తెలుస్తాదా?”

“ఉండు, చూసి చెప్తా,” అని మునాఫ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తలుపుల్లేని ఇంటి ముందు దీపం పచ్చగా వెలుగుతోంది. “బాగుంది లేప్పా. ఈ వారం గూడా వచ్చింది. రంజాన్ గదా, పని ఎక్కువుంటాది. మామా ఫోన్ తీసి పెట్టుకోనుంటాది. అప్పుడప్పుడు ఇస్తాది, ఆ కాసేపూ ఈడికొచ్చి పోతాంటాది.”

“మాకు చెయ్యకుండా ఆటకొస్తాందా?” అని రామాంజులు నిష్ఠూరంగా నవ్వాడు. “సరేలేన్నా. దీపం ఎలుగుతాంటే అదే సాలు.”

పండుగ అయిపోయింది. మునాఫ్ బజారు వీధికి కొలతలు వేయడం మొదలుపెట్టాడు. వీధి నేరుగా రావాలంటే సిద్ధమ్మ ఇల్లు కొంచెం పక్కకు జరపాలి. యజమాని ఒప్పుకోకుండా ఎవరి ఇంటినీ ముట్టుకోకూడదని తనే పెట్టుకున్న నియమం. శుక్రవారం మధ్యాహ్నం ఆమె బొమ్మ ఇంటి ముందు కనబడగానే మైకు నొక్కాడు.

“సిద్ధమ్మక్కా, నీ ఇల్లు కొంచెం జరపాల. దారికి అడ్డమొస్తాది. జరపనా?”

బొమ్మ అటూ ఇటూ తిరగలేదు. పక్కింటి కోళ్ళను అదిలించలేదు. దీపం కింద నిలబడి ఉంది, అంతే. మునాఫ్ మళ్ళీ అడిగాడు. కాసేపటికి తెర మీద రెండు మాటలు వచ్చాయి.

‘సరే భాయ్.’

మునాఫ్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. సిద్ధమ్మకు అక్షరం రాదు. వచ్చినా అతన్ని భాయ్ అనదు.

“ఎవురు నువ్వు?” అన్నాడు.

బొమ్మ మాయమైంది. కాసేపటికి అతని ఫోన్ మోగింది. యాస్మిన్. బ్నీద్ అల్ గార్‌లో ఆడవాళ్ళ సెలూన్‌లో పనిచేస్తుంది, ఆమెదీ రాయచోటే. కొత్తపేటలో సిద్ధమ్మ ఇంటికి ఎదురిల్లు.

“మునాఫ్ భాయ్, కోపం చేసుకోవద్దు. అది నేనే.”

“సిద్ధమ్మక్క యాడుండాది?”

“నాకు తెలీదు భాయ్. నువ్వు ఇండ్లు తీసేస్తానన్న దినమే అక్క నాకు పాస్‌వర్డ్ చెప్పింది. ‘ఫోన్ పెరుక్కుంటే నా హాజరు నువ్వే వెయ్యి సెల్లీ, నా ఇల్లు పోకూడదు’ అనింది. రంజాన్ మొదట్లో కడుపు నొస్తాందని చెప్పింది. అంతే, మళ్ళీ మాట ల్యా. మామా ఫోన్ తీసుకుందనుకున్యా. వారం వారం వచ్చి దీపం ఎలిగించి పోతాండా.”

“ఇన్నాళ్ళూ నాకొక మాట చెప్పకుండా...”

“చెప్తే తీసేస్తావేమోనని. అందురూ ఎవురో ఒకరికి చెప్పుకోనుండారు భాయ్. నువ్వే గదా తీసేస్తానంటివి.”

మునాఫ్ తెర వైపు చూశాడు. వీధి పొడవునా దీపాలు వెలుగుతున్నాయి. వాటిలో ఏది మనిషో, ఏది హాజరో చూసి చెప్పే వీలు లేదు.

ఈశ్వరయ్య అప్పుడే వ్యాను కడిగి పైకి వచ్చాడు. సంగతి విని చేతులు కూడా తుడుచుకోకుండా తాళాలు అందుకున్నాడు.

సల్వాలో ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సిద్ధమ్మ ఎప్పుడో పంపిన లొకేషన్ మునాఫ్ ఫోన్లో ఉంది. గేటు పక్క గదిలోంచి బంగ్లాదేశ్ డ్రైవరు బయటికి వచ్చాడు. సిద్ధమ్మ పేరు వినగానే ముందు ఇంటి వైపు చూశాడు, తర్వాత వీళ్ళను వ్యాను చాటుకు తీసుకెళ్ళాడు. రంజాన్‌లో ఆమెకు బాగా జబ్బు చేసిందని హిందీలో చెప్పాడు. నేల మీద పడి మెలికలు తిరిగిపోతుంటే బాబా తనతోనే ఆసుపత్రికి పంపించాడు. ఎమర్జెన్సీ దగ్గర దింపి వచ్చేయమన్నారు. కాగితాలు తర్వాత పంపిస్తామన్నారు. పంపలేదు. ఆ వారమే పారిపోయిందని కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీ పడ్డ బాబా, కేసు పెట్టాడు. ఇప్పుడు లోపల కొత్త మనిషి పనిచేస్తోంది.

“ఫోన్?” అని మునాఫ్ అడిగాడు.

డ్రైవరు ఇంటి వైపు గడ్డం ఊపాడు. “మామా డ్రాయర్‌లో.”

“ఎవరికన్నా చెప్పొచ్చు గదా నువ్వు?” అని ఈశ్వరయ్య వచ్చీ రాని హిందీలో గొంతు పెంచాడు.

“ఎవరికి చెప్పను?” అన్నాడు డ్రైవరు. “మీరు ఎవరూ రాలేదు కదా.”

ఆసుపత్రిలో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పంపారు. సిద్ధమ్మ అనే పేరు ఎక్కడా లేదు. పత్రాలు లేని భారతీయ స్త్రీ అని ఒకటి ఉంది. వార్డులో మలయాళీ నర్సు మునాఫ్ ఫోన్లోని ఫోటో చూసి తల ఊపింది. ఆమె హిందీలో, నెమ్మదిగా చెప్పింది. పేగుకు చిల్లు పడ్డ తర్వాత చాలా ఆలస్యంగా తెచ్చారు. ఆపరేషన్ చేశారు. మధ్యలో కొన్నాళ్ళు తేరుకుంది, గంజి తాగింది కూడా. తర్వాత చీము ఒంట్లోకి పాకింది. పండుగ మర్నాడు చనిపోయింది.

“తేరుకున్నప్పుడు ఎవరి నంబరూ చెప్పలేదా?” అన్నాడు మునాఫ్.

“నంబర్లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయంది. ఒక్కటీ గుర్తు లేదు. కానీ కంగారు పడలేదు. మా వాళ్ళు వస్తారు అనేది. రోజూ అదే. దీపం, దీపం అనేది. దీపం ఆరిపోతుంది, అప్పుడు వస్తారు అని చేతులతో చూపించేది. నాకు అర్థం కాలేదు. దేవుడి దగ్గర పెట్టమంటోందేమో అనుకుని, వార్డులో దీపం పెట్టకూడదమ్మా అని చెప్పాను.”

మునాఫ్ గోడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. నర్సు ఇంకేదో అడిగింది. ఈశ్వరయ్య ఆమెకు జవాబు చెప్పి, శవాగారానికి ఎటు వెళ్ళాలో కనుక్కున్నాడు.

రామాంజులుకు ఫోన్ చేయాల్సింది మునాఫే. ఈశ్వరయ్య చేస్తానన్నా ఒప్పుకోలేదు. కింద పార్కింగులో, వ్యానులో కూర్చుని చేశాడు. మొత్తం చెప్పాడు. యాస్మిన్ పేరు మాత్రం చెప్పలేదు.

అవతల గొర్రెల అరుపులు దూరమయ్యాయి, మంద నుంచి పక్కకు నడిచినట్టున్నాడు.

“నువ్వే గదన్నా చెప్తివి,” అన్నాడు రామాంజులు. “దీపం ఎలుగుతాండాదని. నేను మా యమ్మకు గూడా చెప్పినానే.”

“చెప్పినా.”

“మేము అడిగినప్పుడు బతికే ఉండాదా?”

పండుగకు వారం ముందు. గంజి తాగిన రోజులు.

“ఉండింది,” అన్నాడు మునాఫ్.

రామాంజులు తిట్టలేదు. “ఎప్పుడు పంపిస్తారు?” అని అడిగాడు. పారిపోయినట్టున్న కేసు కొట్టేయాలని, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర్నుంచి రావాలని, ఎంబసీ కాగితాలు కావాలని మునాఫ్ ఒక్కొక్కటే చెప్పాడు. అవతలి మనిషి ప్రతి దానికీ “ఊఁ” అన్నాడు.

ఆ వారమంతా వర్క్‌షాపు నుంచి వచ్చాక ఆ తిరుగుడే సరిపోయింది. గురువారం బస్సు తప్పిన రఫీ, తన కార్డు ఎందుకు గీకలేదని కోపంగా అడిగితే, మునాఫ్ జేబులోంచి కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు.

అంతకు ముందే, ఆదివారం సాయంత్రం, కొత్తపేటలో అందరికీ వినిపించేలా మాట రికార్డు చేసి పెట్టాడు. సిద్ధమ్మ సంగతి చెప్పాడు. ఇకమీదట ఎవరి ఇల్లూ చెరపనని చెప్పాడు. కంప్యూటరు మోయగలిగినన్నాళ్ళు మోస్తుంది, బజారు వీధి లేదు, కొత్త రూపం లేదు. ‘ఎవురి దీపం వాళ్ళే ఎలిగించుకోవాల. ఇంకొకరి దీపం ముట్టుకోవద్దండి. ఆరేది ఆరనీండి’ అన్నాడు. తిట్టినవాళ్ళున్నారు. నీ రూలే చంపింది అని ఒక డ్రైవరు రాశాడు. మునాఫ్ దాన్ని తీసేయలేదు.

శుక్రవారం వచ్చింది. జుమ్మా అయ్యాక యాస్మిన్ సెలూన్‌లో అనుమతి అడుక్కుని ట్యాక్సీలో అబూ హలీఫా వచ్చింది. మగవాళ్ళ గది కాబట్టి తలుపు బార్లా తెరిచి పెట్టారు. గడప దగ్గర కుర్చీలో, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. ఈశ్వరయ్య ఆమెకు టీ ఇచ్చి, మునాఫ్ వెనక నిలబడ్డాడు.

వారం నిండేకొద్దీ దీపాలు ఆరడం మొదలైంది. మొదట మైదానం పక్క వీధిలో ఒకటి. తర్వాత దాని పక్కది. కొన్ని చోట్ల వరసగా నాలుగిళ్ళు చీకటైపోయాయి. సిద్ధమ్మ దీపం కూడా వాటితో పాటే ఆరిపోయింది. దాన్ని చేత్తో ఆర్పడం మునాఫ్‌కు ఒక్క నిమిషం పని. వారమంతా ఆ పని చేయలేకపోయాడు.

“ఇంతమందా?” అన్నాడు ఈశ్వరయ్య.

మునాఫ్ పది దాకా ఉంటాయనుకున్నాడు. సగం ఊరు కనబడటం లేదు.

“యా పక్క నుంచి మొదలుపెడదాం భాయ్?” అని యాస్మిన్ అడిగింది.

“నువ్వు ఆడోళ్ళకు చెయ్యి. మేము మగోళ్ళకు చేస్తాం.”

మైదానం మూల మొదటి చీకటి ఇల్లు సమీవుల్లాది. మునాఫ్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి పాత్రల చప్పుడు మధ్య ముసలాయన గొంతు అరిచింది.

“ఎవుర్రా అది, బిర్యానీ దమ్ము మీదుంటే!”

“నేను చాచా, మునాఫ్‌ని. నీ దీపం ఆరిపోయింది.”

“చావలేదులేరా ఇంగా. అద్దాలు యాడో పడిపోయి ఫోన్ కనపడి సావడంల్యా. మా హోటల్ పిల్లోడు ఏస్తాండె నా హాజరు. నువ్వేమో వద్దంటివంట. పెట్టెయ్, అడుగంటుతాది!”

యాస్మిన్ మొహం మీదికి నవ్వులాంటిది వచ్చి పోయింది. ఈశ్వరయ్య “ముసిలోడు గట్టివోడే” అన్నాడు. మునాఫ్ పక్కింటికి చేశాడు. ఆ మనిషి కూడా ఎత్తాడు. క్యాంపులో నెట్ లేదట.

మూడో ఇల్లు సైరాది. రుమైతియాలో పనిచేస్తుంది, కడప మనిషి. గోడలకు గులాబీ రంగు వేసుకున్న చిన్న ఇల్లు. యాస్మిన్ రెండుసార్లు చేసి తల అడ్డంగా ఊపింది.

“స్విచ్చాఫ్ వస్తాంది భాయ్.”

“ఆమె దీపం ఇన్నాళ్ళూ ఎవురు ఎలిగిస్తాండ్రి?”

“సిద్ధమ్మక్క,” అంది యాస్మిన్. “ఆ పైన అది గూడా నేనే. ఆ పాస్‌వర్డ్ గూడా అక్కే ఇచ్చింది.”

“నువ్వు ఎలిగించబట్టి ఎన్నాళ్ళాయ?”

“రంజాన్ నుంచే భాయ్. అక్క ఎప్పటి నుంచి ఏస్తాండెనో నాకు తెలీదు.”

ఈశ్వరయ్య టీ గ్లాసు కిటికీలో పెట్టి, మేకుకు తగిలించిన వ్యాను తాళాలు తీశాడు. మునాఫ్ సైరా పంపిన పాత మెసేజీల్లో ఇంటి గుర్తులు వెతుకుతూ చెప్పులు వేసుకున్నాడు. యాస్మిన్ కూడా లేచింది. వెనక బీరువా పైన కంప్యూటరు ఫ్యాను రొద పెడుతూనే ఉంది. మెట్లు దిగుతుండగా మునాఫ్ ఇంకో ఇంటికి ఫోన్ కలిపాడు.